మాల తీసే సాయంత్రం

మా ఆయన ఏడాదిలో నలభై ఒక్క రోజులు దేవుడు. మిగతా రోజుల సంగతి మౌలాలిలో మా వీధి మొదట్లో ఉన్న ఇస్త్రీ బండి దగ్గర ఎవరినడిగినా చెప్తారు. అడక్కపోయినా చెప్తారు.

అయ్యప్ప మాల మెడలో పడిందంటే హరికిషన్ చుక్క ముట్టడు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం. నన్ను 'మాతా' అంటాడు, నేను 'స్వామీ' అంటాను. ఇంటర్ చదివే మా లాస్య ఆ రోజుల్లో నాన్న పక్కన కూర్చొని చదువుకుంటుంది. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన సాయంత్రం మళ్లీ మొదలు. అదీ చాటుగా కాదు. మాల వేసుకున్న పద్నాలుగు మందీ జంగయ్య డాబా మీద చేరి, మటన్ వండించి, సీసాలు తెచ్చుకొని చేసుకునే దావత్ అది. నలభై రోజులు ఉపవాసమున్నట్టు దాని కోసం ఎదురుచూస్తారు. అందరూ ఆ ఒక్క రాత్రితో ఆపుతారు. మా ఆయన ఆపలేడు.

నేనూ తక్కువదాన్ని కాదు. ఒక మాల మంచిది చేస్తే ఇంకో మాల ఇంకా మంచిది చేస్తుంది కదా అని మొన్న ఎండాకాలంలో బతిమాలి హనుమాన్ మాల కూడా వేయించాను. ఆ తర్వాత భవాని మాల ఎప్పుడొస్తుందో విచారించాను. ఏడాదిలో ఎన్ని మాలలు పడతాయో క్యాలెండర్ ముందు నిలబడి లెక్కపెట్టుకున్న ఆడదాన్ని నేను. హనుమాన్ మాల తీసిన మర్నాడు ఆయన రైలు వంతెన కింద దొరికాడు. భుజం ఎముక విరిగింది. లిఫ్టులు బాగుచేసే మనిషి నాలుగు నెలలు పానా పట్టలేదు. పనిచ్చే సత్యదేవ్ గారు ఇంటికొచ్చి, "ఇంకోసారి తాగి లిఫ్టు గోతిలోకి దిగితే మనిషి పైకి రాడమ్మా. నేనింక పంపలేనండి," అని చెప్పి వెళ్లాడు.

ఈసారి అయ్యప్ప దర్శనమయ్యాక తిరుగు రైలెక్కి ఫోను చేశాడు. ఎప్పుడూ గుడి గురించి, జనం గురించి గంట చెప్పేవాడు. ఈసారి అవేవీ లేవు. రైలు చప్పుడే వినిపించింది.

"మాతా, మాల తియ్యాలంటే భయమైతున్నది," అన్నాడు చివరికి.

పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయన నోట భయమన్న మాట నేను వినలేదు. లిఫ్టు తాడు తెగినప్పుడు కూడా నవ్వుకుంటూ చెప్పిన మనిషి. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఆశ కూడా పుట్టింది.

యాప్రాల్‌లో వసుధ మేడం అని, నా దగ్గర బ్లౌజులు కుట్టించుకుంటుంది. వాళ్ల అన్న తాగుడు మానేయడానికి ఏదో మీటింగుకు పోతాడనీ, మీ ఆయన్నీ పంపరాదా అనీ రెండు నెలల కింద అంటే, మా ఆయన అంత తాగుబోతేం కాదని ఆమె మీద చిర్రుబుర్రులాడాను. బ్లౌజు కూడా వారం లేటుగా ఇచ్చాను. ఇప్పుడు సిగ్గు విడిచి ఆమెకే ఫోను చేశాను. పాపం, ఏమీ మనసులో పెట్టుకోలేదు. స్టేషను దగ్గరే, రెజిమెంటల్ బజార్‌లో పాత చర్చి వెనక, మేడ మీద గదిలో, మంగళవారం ఆరున్నరకు అని చెప్పి, అక్కడికొచ్చే ఒకాయన ఫోను నంబరు ఇచ్చింది. "బోర్డు ఉండదు సుకన్యా. వచ్చేవాళ్ల పేర్లు బయటపడొద్దని పెట్టరు. అడిగితే చెప్తారులే," అంది.

అడిగితే చెప్తారన్న ఆ మాటే మా కొంప ముంచబోయింది.

మంగళవారం సాయంత్రం ఆరుంబావుకు రైలు సికింద్రాబాద్ చేరింది. నల్ల బట్టలు, మాసిన గడ్డాలు, భుజాన సంచులు, పద్నాలుగు మందీ దిగారు. జంగయ్య నన్ను చూసి పెద్దగా నవ్వాడు.

"ఏంది మాతా, స్వామిని తీస్కపోనీకి స్టేషన్ దాక వచ్చినవా? జెర జల్ది మాల తీపియ్యి. ఎనిమిదింటికల్ల డాబా మీదుండాలె. తలకాయకూర సుత చెప్పిన."

మా ఆయన తల వంచుకున్నాడు. నేను ఆయన చేతిలో సంచి లాక్కొని ముందు నడిచాను. బయటికొచ్చాక ఆటో ఎక్కకుండా పక్కకు తీసుకెళ్లి, మీటింగు సంగతి చెప్పాను.

"మాల మీద తాగుబోతుల మీటింగుకా?" అన్నాడు. "అపచారం గాదా? ఇంటికి పోయి మాల తీసినంక పోదాం."

"మాల తీసినంక నువ్వు యాడికి పోతవో నాకు ఎర్కనే స్వామీ."

"సరే, నడువు. దొరికితే కూసుంట. ఏడింటికల్ల దొరక్కపోతే ఇంటికి పోదాం. మల్ల నన్ను అడగొద్దు."

ఆ మనిషి మాటంటే మాటే. ఎటు అన్నా అంతే. ఇవాళ దొరకలేదంటే ఆ మీటింగు పేరు మా ఇంట్లో ఇంక వినబడదు. అప్పుడు టైము ఆరున్నరైంది.

రెజిమెంటల్ బజార్ గల్లీలు నాకు కొత్త కాదు, లైనింగు బట్టకు వస్తుంటాను. కానీ చర్చి వెనక మేడ అంటే అక్కడ ఏ ఇంటికి మేడ లేదు? చాయ్ బండి దగ్గర ఆగాను. అడగాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పక్కన మాల వేసుకున్న మనిషిని పెట్టుకొని తాగుబోతుల మీటింగెక్కడ అని ఎట్లా అడగను?

"అన్నా, ఈడ ఒక మీటింగ్ అయితదట, యాడ?" అన్నాను.

చాయ్ అతను నన్ను చూడనే లేదు. మా ఆయన నల్ల పంచె చూసి రెండు చేతులూ జోడించాడు. "స్వామి శరణం. పడిపూజనే గద మాతా? సీదా పోయి లెఫ్ట్ తిరుగుండ్రి. పెద్ద టెంట్ ఏసిండ్రు."

"పడిపూజ కాదన్నా..."

"గదే, గదే. లైట్లు కనవడ్తయి పో."

ఇంకో మలుపులో పూలమ్ముకునే ముసలామెను అడిగాను. ఆమెదీ అదే దారి. పైగా స్వామికని మూర బంతిపూలు ఊరికే ఇచ్చింది. మొబైల్ షాపు అతను ఫోనులోంచి తలెత్తి టెంటు వైపే వేలు చూపించాడు. నేను ఏమడిగినా వాళ్లకు వినబడేది మా ఆయన బట్టలే. నాకు ఒళ్లు మండిపోయింది. మండిపోయి ఏం లాభం, తప్పు నాది. ఒక్కసారైనా తాగుడు అన్న మాట పైకి అనలేదు నేను.

వసుధ మేడం ఇచ్చిన నంబరుకు చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మీటింగు మొదలైతే ఫోన్లు పక్కన పెట్టేస్తారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నంబరు తప్పిచ్చిందేమోనని ఆమెను నాలుగు తిట్టుకున్నాను.

చర్చి దొరికింది. గేటుకు తాళం. వాచ్‌మన్ ఊచల్లోంచి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"చర్చిల మీకేం పని స్వామీ?"

"ఈడ ఒక మేడం ఉంటదట, ఆమెతోని పనున్నది," అన్నాను. నోట్లోంచి అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో!

"గసుమంటి మేడం ఎవ్వరు లేరు. పడిపూజ అటు."

ఆరూ నలభై ఎనిమిది. చర్చి వెనక్కి వెళ్దామని పక్క రోడ్డెక్కితే ఎదురుగా వైన్స్. సాయంత్రం జనం ఎగబడి ఉన్నారు. నేను నడక పెంచాను. నాలుగడుగులు వేసి చూస్తే పక్కన ఆయన లేడు. వెనక్కి తిరిగాను. కరెంటు స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. కళ్లు నేల మీద ఉన్నాయి. ముక్కు మాత్రం ఆ వాసన పట్టుకున్నట్టు అదురుతోంది.

"స్వామీ," అన్నాను.

"రోడ్డు అవుతలి నుంచి పోదాం," అన్నాడు. చిన్నపిల్లవాడిలా నా కొంగు పట్టుకొని రోడ్డు దాటాడు. మాల వేసుకున్నాక ఆయన నన్ను తాకలేదు. ఆ సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

ఇంతలో ఫోను. జంగయ్య. ఆయన ఎత్తలేదు. మళ్లీ మోగింది. ఎత్తి, "వస్తున్నన్నా," అని పెట్టేశాడు. ఎక్కడికి వస్తున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

గల్లీ తిరిగేసరికి ఆ టెంటు మా ముందే ఉంది. పద్దెనిమిది మెట్లు కట్టి, అరటి బోదెలు నిలిపి, మెట్టు మెట్టుకూ దీపాలు పెట్టారు. పాతికమంది స్వాములు భజనకు కూర్చుంటున్నారు. మమ్మల్ని చూడగానే పూజ చేయించే పెద్దాయన ఎదురొచ్చాడు.

"కొండ నుంచి వస్తున్నరా స్వామీ? ఇరుముడి సంచి చూడంగనే తెలిసింది. రండి, మొదటి దీపం మీరే ముట్టియ్యాలె. మా అదృష్టం."

"పని మీద పోతున్నం స్వామీ," అన్నాను.

"దేవుని పని కంటె పనేందమ్మా?"

చుట్టూ చేరారు. ఎవరో ఆయన భుజం మీద శాలువా కప్పారు. గోడ మీద గడియారం ఏడుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇక్కడ దీపం వెలిగించి, ఒక పాట పాడి, ప్రసాదం తీసుకునేసరికి ఎనిమిదవుతుంది. వీళ్లకు అడ్డు చెప్పడం నావల్ల కాదు. అయిపోయింది, ఇంకేముంది అనుకున్నాను. దేవుడి ముందే నిలబడి దేవుడి మీదే కోపమొచ్చింది నాకు.

అప్పుడొక ముసలావిడ, నడుం వంగిపోయినామె, జనంలోంచి వచ్చి ఆయన కాళ్ల మీద పడి మొక్కింది.

ఆయన నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు.

"వద్దమ్మా! నా కాళ్లు మొక్కకు. నేను తాగుబోతును."

భజన కోసం తాళాలు సరిచూసుకుంటున్నవాళ్లు ఆపేశారు. పెద్దాయన మొహం మాడిపోయింది. "మాల మీదుండి ఏం మాటలు స్వామీ అవి?"

"మాల మీదున్నా కాబట్టే నలభై రోజులు ముట్టలే," అన్నాడు మా ఆయన. "ఇయ్యాల తీస్త. తీసినంక తాగుత. ఏడేండ్ల సంది గదే చేస్తున్న. గీ చర్చి ఎనక యాడనో తాగుడు బంద్ చేసేటోళ్ల మీటింగ్ అయితదట. అరగంట సంది తిరుగుతున్నం. మీల ఎవలకన్న ఎర్కనా?"

నాకైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాతికమంది ముందు నా మొగుడు నేను పంతొమ్మిదేళ్లు నోటితో అననిదంతా బయటపెట్టేశాడు. సిగ్గుతో చచ్చిపోతూనే, అరే, ఈ మాట అడగడానికి ఇంతే కదా పట్టింది అనిపించింది.

"పోండి స్వామీ, మాలను అవమానం చెయ్యకుండ్రి," అన్నాడు పెద్దాయన. శాలువా ఎవరో తీసేసుకున్నారు.

గల్లీ మలుపు దాకా వచ్చాం. వెనక నుంచి చెప్పుల్లేని అడుగులు పరుగున వచ్చాయి. కళ్లద్దాలు పెట్టుకున్న ఒక స్వామి, నలభై ఐదేళ్లుంటాయి, ఏ బ్యాంకులోనో పని చేసేవాడిలా ఉన్నాడు. వెనక్కోసారి చూసుకొని మెల్లగా అన్నాడు.

"చర్చి గేటు కాదు స్వామీ. గీ గల్లీల మూడో ఇల్లు, పక్కపొంటి ఇనుప మెట్లున్నయి. పైన నీలం తలుపు."

"మీకెట్ల తెలుసు?" అన్నాను.

"మూడుసార్లు గా మెట్ల దాక పోయొచ్చిన."

"గట్లయితే రారాదు మా తోటి?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నా మాల ఇంక ఇరవై రోజులున్నది గద మాతా," అని వెనక్కి వెళ్లిపోయాడు.

మెట్లెక్కేసరికి ఏడూ ఐదైంది. ఏడు దాటిందని ఆయన అనలేదు. నేను గుర్తు చేయలేదు. నీలం తలుపు దగ్గర ఆగి, మెడలో మాల మీద చెయ్యి పెట్టుకున్నాడు. లోపల ఎనిమిది మందో తొమ్మిది మందో ప్లాస్టిక్ కుర్చీల్లో గుండ్రంగా కూర్చున్నారు. మూలన టీ ఫ్లాస్కు. తాగుబోతుల గది అంటే నేను ఊహించుకున్నది వేరు. ఇస్త్రీ చొక్కాలు, ఒళ్లో హెల్మెట్లు, ఒకాయన ముందు పిల్లల ట్యూషన్ పుస్తకాలు కూడా ఉన్నాయి.

నేత చీర కట్టుకున్న పెద్దావిడ లేచింది. "రండి బాబూ. నువ్వూ రామ్మా, ఇవాళ ఇంట్లోవాళ్లు కూడా కూర్చోవచ్చు," అంది. ఆమె మాటల్లో కోస్తా యాస ఉంది. రిటైరైన టీచరమ్మ అయి ఉంటుంది, వీళ్లకు బుద్ధులు చెప్పడానికి వచ్చింది అనుకున్నాను.

"నా పేరు కాంతమణి," అంది ఆమె కూర్చుంటూ. "నేను తాగుబోతునండి."

నేను కుర్చీలో అటూ ఇటూ కదిలాను. మా అమ్మ ఈడు మనిషి!

వరసగా చెప్పుకుంటూ వచ్చారు. మా ఆయన వంతు వచ్చింది. "నా పేరు హరికిషన్," అన్నాడు. "ఇంటికి పోయినంక మాల తియ్యాలె." ఆ తర్వాత మాల పూసలు తిప్పుతూ కూర్చున్నాడు. ఎవరూ తొందర పెట్టలేదు. పక్కనున్న జ్ఞానశేఖర్ అనే ఆయన ఒక చీటీ మీద తన ఫోను నంబరు రాసి చేతిలో పెట్టాడు. "తీసినంక ఫోన్ చెయ్యన్నా. తియ్యకముందు సుత చెయ్యి."

నేనుండబట్టలేకపోయాను. "అమ్మా, గిట్ల ఎన్ని రోజులు రావాలె? నలభై ఒకటా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎగతాళిగా కాదు. కాంతమణి గారు కూడా నవ్వారు.

"నేను మొదటిసారి వచ్చినప్పుడు మండలం రోజులా అని అడిగానమ్మా. పద్దెనిమిదేళ్లయింది. ఇవాళ తాగలేదు. రేపటి సంగతి నాకు తెలీదు."

నాకు కోపమొచ్చింది. ఇంత తిరిగి, ఇంత సిగ్గుపడి వస్తే, పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా తెలీదంటుందా? నాకు ఒక తేదీ కావాలి. ఫలానా రోజుతో మీ ఆయన బాగైపోతాడు, ఇంటికెళ్లి నిద్రపో అని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పరని అర్థమయ్యాక అక్కడే కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. ఎవరో టీ ఇచ్చారు. చక్కెర ఎక్కువైన టీ, అయినా తాగాను.

ఎనిమిదింబావుకు ఇల్లు చేరాం. గుమ్మంలో కొబ్బరికాయ కొట్టి లోపలికొచ్చాడు. మా అత్త ఉన్నన్నాళ్లూ మాల ఆమే తీసేది, ఆమె పోయాక ఆయనే తీసుకుంటున్నాడు. దేవుడి పటం ముందు కూర్చొని చాలాసేపు మాల పట్టుకొనే ఉన్నాడు. తర్వాత తీసి, కళ్లకద్దుకొని, పాల గిన్నెలో వేశాడు. స్నానం చేసి లుంగీ, చొక్కా వేసుకొని వచ్చాడు. మెడ బోసిగా ఉంది. లాస్య పుస్తకాలు తీసుకొని లేచి నిలబడింది, ఎటు వెళ్లాలో తెలియనట్టు.

బయట బండి హారన్.

జంగయ్య స్వయంగా వచ్చాడు. మా ఆయన గేటు దాకా వెళ్లాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"ఏందన్నా, ఎన్ని ఫోన్లు చెయ్యాలె? అందరు కూసున్నరు. ఎక్కు."

"నేను రాను జంగన్నా."

"ఎందుకు? వదినెకు భయమా?"

"ఆమెకు కాదు. నాకే భయం."

జంగయ్య నవ్వాడు. వాడు చెడ్డవాడు కాదు. మా ఆయన భుజం విరిగినప్పుడు ఆసుపత్రికి మోసుకెళ్లింది వాడే. "ఒక్కటంటె ఒక్కటి. మాల తీసినంక సుత నువ్వు స్వామివేనా ఏంది?"

"కాదు. గందుకే రాను."

జంగయ్య నవ్వు ఆగిపోయింది. "నీ ఇష్టం," అని బండి తిప్పుకొని వెళ్లిపోయాడు. బండి చప్పుడు వీధి చివర దాకా వినబడి, ఆగిపోయింది.

ఆయన లోపలికి రాలేదు. నేను బయటికొచ్చాను. గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు. వేళ్లు తెల్లబడ్డాయి.

"లోపలికి రా. అన్నం తిందువు," అన్నాను.

"జెర ఆగు. చెయ్యి ఇడిస్తే వాని ఎనక ఉరుకుత," అన్నాడు. "గీ గుంజుడు తగ్గేదాక నా పక్కన నిలబడు సుకన్యా."

ఎంతసేపని అడగబోయి నోరు మూసుకున్నాను. వెళ్లి ఆయన పక్కన నిలబడి నేనూ గేటు పట్టుకున్నాను.